ఒకే తాళం కింద ఇద్దరు

డిట్మర్ మాస్టారు నలభై ఏళ్ళు దాణా మిల్లుల్లో పనిచేసి, పది వేళ్ళతో బయటపడ్డ మనిషి. నెబ్రాస్కాలో ఆ మూల అదొక వింత. పాత మిల్లు పనివాళ్ళు ఆయనతో చెయ్యి కలిపినప్పుడల్లా నమ్మకం కుదరక రెండోసారి లెక్కపెట్టుకునేవాళ్ళు. ఆయన గదిలో పట్టాలూ మెడల్సూ ఏవీ వేలాడవు. మీ అర్హతేమిటని ఎవరైనా అడిగితే రెండు చేతులూ చాపి చూపిస్తాడు. అంతే.

ఆయన నవ్వగా చూసినవాళ్ళు ఈ లోకంలో ఇద్దరేనట. ఒకాయన పోయాడు. రెండో ఆయన ఊరొదిలి వెళ్ళిపోయాడు.

మొదటిరోజు క్లాసులో ఆయన పుస్తకం ఇవ్వడు, తాళం ఇస్తాడు. ఎర్ర తాళం. దానికో బిళ్ళ, బిళ్ళ మీద పేరూ ఫొటో. తాళంచెవి ఒక్కటే. మిషను లోపలికి ఎవరు దూరినా ముందు మెయిన్ స్విచ్ కిందికి దించి, దాని కొండీకి తన తాళం తనే వేసుకోవాలి. పదిమంది దూరితే పది తాళాలు. బయటికొచ్చాక ఎవరిది వాళ్ళే తీసుకోవాలి. ఒక్క తాళం మిగిలినా సరే, గవర్నరు వచ్చి కాళ్ళు పట్టుకున్నా ఆ స్విచ్ పైకి లేవదు.

"తాళం ఉంటే మనిషున్నాడు. తాళం లేకపోతే మనిషి లేడు," అంటాడు మాస్టారు. "ఒకరి తాళం కింద ఇంకొకడు దూరాడని నాకు తెలిసిందా, ఆ తాళం అరువిచ్చినవాడు ఆ పూటే ఇంటికి. మా అక్క కొడుకునే పంపించేశా. అప్పట్నించీ పండక్కి అక్క నన్ను భోజనానికి పిలవదు. అయినా పంపించేశా."

ఇంత చెప్పినా, నవంబరులో ఒక గురువారం పొద్దున రేలిన్ హ్రుస్కా చేసిన పని సరిగ్గా అదే.

రేలిన్ చెడ్డపిల్ల కాదు. ఇరవై ఏళ్ళది. స్కూలు అవ్వగానే కోళ్ళ ఫ్యాక్టరీలో చేరి రెండేళ్ళు రెక్కలు కోసింది. అమెరికాలో కోడన్నది మళ్ళీ ఎగరకుండా చేసే బాధ్యత తనొక్కదాని మీదే పెట్టారేమో అన్నంతగా కోసింది. ఆ చలికి వేళ్ళు కొయ్యబారిపోయి, ఇంటికొచ్చాక ఫోర్కు పట్టుకోవడం కూడా చేతకాక, వాళ్ళమ్మ ముందు సూపు గిన్నె ఎత్తి తాగేది. అందుకే ఆ ఉద్యోగం వదిలి ఈ కమ్యూనిటీ కాలేజీలో మిషన్ల మరమ్మతు కోర్సులో చేరింది. మొక్కజొన్న నుంచి ఇంధనం తీసే ఫ్యాక్టరీవాళ్ళు, మే నెలలో సర్టిఫికెట్ తెచ్చుకుంటే పనిలో పెట్టుకుంటామన్నారు. తేలేకపోతే మళ్ళీ కోళ్ళే.

అయితే కాలేజీలో మిల్లు ఒక్కటే ఉంటే బావుండేది. పార్కింగ్ స్థలానికి ఇవతల చేతిపని, అవతల నోటిపని. ఇవతల వెల్డింగూ మిల్లూ; అవతల ఇంగ్లీషూ లెక్కలూ ఉపన్యాసకళా. రెండువైపులా పాసైతేనే సర్టిఫికెట్. ఉపన్యాసకళ చెప్పే హోల్మ్ మేడం పదకొండింటికి తలుపు గడియ వేస్తుంది. పదకొండు దాటాక ప్రాణం పోతోందని తలుపు కొట్టినా, పోయాక ఉత్తరం రాయమంటుంది. మూడుసార్లు రాకపోతే ఫెయిల్.

ఈ మూడో గండం ముందు నిలబడ్డవాడు వర్నన్ బార్టెక్. రేలిన్ వాళ్ళ నాన్నకి వరసకి తమ్ముడు. యాభై ఒకటి దాటిన మనిషి. కబేళా మూతపడి, ముప్ఫై ఏళ్ళ ఉద్యోగం ఊడి, కుర్రకారుతో పాటు మళ్ళీ బళ్ళో చేరాడు. దూడని చంకలో పెట్టుకుని కంచె దాటగలడు గాని, ఇరవైమంది ముందు నిలబడి తన పేరు చెప్పుకోలేడు. మొదటిసారి ఉపన్యాసానికి లేచి "గుడ్ మార్నింగ్" మొదలెట్టి, "గుడ్" దగ్గరే ఆగి, బాత్రూంకి పరిగెత్తి వాంతి చేసుకున్నాడు. మార్నింగ్ ఇప్పటికీ బాకీ. తర్వాత రెండు వారాలు అసలు మొహమే చూపించలేదు.

ఆ గురువారం ఆయన వంతు మళ్ళీ వచ్చింది.

పొద్దున మిల్లు దగ్గర గాలి ఎలా వీస్తోందంటే, ఇక్కడ కుక్క మొరిగితే అరుపు పక్క ఊళ్ళో వినపడుతోంది. మధ్యాహ్నానికి మంచు తుఫానన్నారు. గురువారాలు దాణా కలిపే మిక్సరు శుభ్రం చెయ్యాలి. ఆ మిక్సరు దాదాపు బస్సంత ఉంటుంది. లోపల ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఇరుసు, దాని చుట్టూ మెలి తిరిగిన ఉక్కు రెక్క. మొక్కజొన్నపిండీ చెరకు మడ్డీ కలిపి గోడలకి అట్టలు కట్టేస్తే, పిల్లలు పక్కనున్న చిన్న తలుపులోంచి పాక్కుంటూ దూరి గోకాలి. అది శుభ్రం చేశాక కాలేజీ ఆవుల్ని చూసుకునే రస్టీ వచ్చి, వ్యవసాయం కోర్సువాళ్ళ ఆవులకి దాణా కలుపుకుంటాడు. పన్నెండింటికి. ప్రతి గురువారం పన్నెండింటికే.

వర్నన్ కొండీ దగ్గర నిలబడి జేబులు తడుముకున్నాడు.

"ఏం పోయింది బాబాయ్, గుండెకాయా?" అంది రేలిన్.

"తాళమే. మీ పిన్ని కారులో ఉండిపోయింది. ఆవిడ పనికెళ్ళిపోయింది."

"మాస్టారికి చెప్పు."

"చెప్తే ఇవాళ్టికి పనిలోకి రానివ్వడు. ఇక్కడా గైర్హాజరు, అక్కడా గైర్హాజరు. నేను కాలేజీకొచ్చేది కారు ఎక్కడ ఆపాలో తెలుసుకోడానికేనా?"

రేలిన్ అటూ ఇటూ చూసింది. మిగతా నలుగురి తాళాలూ వేసేసి ఉన్నాయి. తనదీ వేసింది. "నా దానికిందే దూరెయ్యి. కలిసి వెళ్తాం, కలిసొస్తాం. గోలేముంది?"

వర్నన్ కోటు గుండీలన్నీ మెడదాకా పెట్టుకుని లోపలికి పాకాడు. రేలిన్ ఒక కాలు లోపల పెట్టిందో లేదో వెనకాల మాస్టారి గొంతు.

"అయిదే ఉన్నాయి. బార్టెక్ ఏడి?"

"బాత్రూంకి వెళ్ళాడండీ. ఉపన్యాసం ఉందిగా ఇవాళ. వచ్చి వేసుకుంటాడు."

మాస్టారు తాళాల వంక చూశాడు. రేలిన్ వంక చూశాడు. ఇంతలో బాయిలరు గదిలోంచి ఎవరో కేకేశారు, ఆవిరి గొట్టం కారుతోందని. ఆయన అటు నడిచాడు. రేలిన్ లోపలికి దూరింది. అప్పటికి ఆ అబద్ధం బరువు కోడి ఈకంత కూడా లేదు.

పదిన్నర దాటాక నలుగురూ బయటికొచ్చి తాళాలు తీసుకుని, చేతులు కడుక్కోడానికి పరిగెత్తారు. లోపల దూరపు చివర వర్నన్ ఇంకా గోకుతున్నాడు.

"నువ్వు పద. వెనకాలే వస్తా," అన్నాడు.

రేలిన్ కుళాయి దగ్గరికెళ్ళింది. చెరకు మడ్డి చేతికంటితే పెళ్ళాం అలిగినట్టే, ఒక పట్టాన వదలదు. వదిలించుకుని వచ్చేసరికి మిల్లులో ఎవరూ లేరు. కోట్లు తగిలించే కొక్కేలన్నీ ఖాళీ. వర్నన్ కొక్కెం కూడా. తలుపు దగ్గర వంగి, "బాబాయ్!" అని అరిచింది. దూరపు చివరంతా చీకటి. మారుపలుకు లేదు. అంటే ముందే వెళ్ళిపోయాడన్నమాట. మనసులోనే నాలుగు తిట్టి, కొండీ నుంచి తన తాళం తీసి జేబులో వేసుకుని, క్లాసుకి పరిగెత్తింది.

కొండీ ఖాళీగా ఊగింది.

హోల్మ్ మేడం గడియ వేస్తుండగా రేలిన్ దూరింది. మూడో వరసలో వర్నన్ కుర్చీ ఖాళీ.

"బార్టెక్ గారు రాలేదు," అంది మేడం, పెన్సిలు తీసి. "మూడోసారి." ఆ గీత గీసిన చప్పుడు అందరికీ వినపడింది. "పోనీలే. రేలిన్, నువ్వు రా."

రేలిన్ విషయం: కారంగా ఉడికించిన చిక్కుడుగింజల మాంసం పులుసులో దాల్చినచెక్క తీపిరొట్టె ఎందుకు ముంచుకు తినాలి. బడి భోజనంలో అలా తిని పెరిగిన జనం వాళ్ళు. బయటివాళ్ళు విని మొహం చిట్లిస్తారు. ఆ మొహం చిట్లించేవాళ్ళందరినీ నిలువునా దులిపేద్దామని వారం రోజులు సాధన చేసింది.

"పక్క రాష్ట్రంలో మా మావయ్యకి ఈ సంగతి చెప్తే," మొదలెట్టింది, "ఆయన మూడు రోజులు అన్నం మానేశాడు."

నవ్వులు. రేలిన్‌కి ఊపొచ్చింది. బల్ల వెనక నిలబడితే ఎదురుగా కిటికీ, కిటికీలోంచి పార్కింగ్ స్థలం, ఆ చివర మిల్లు. ఇవతలి వరసలో వర్నన్ నీలం ట్రక్కు. బాబాయ్ అందులో కూర్చుని ఏడుస్తుంటాడు పాపం అనుకుంది. తీపిరొట్టె గురించి ఇంకో రెండు మాటలు చెప్పి మళ్ళీ చూసింది. ట్రక్కులో ఎవరూ లేరు. సన్నగా మంచు మొదలైంది. అద్దం మీద పొరలా పడుతోంది. తుడిచేవాడు లేడు.

బాత్రూంలో ఉంటాడు. వాంతి చేసుకుంటూ ఉంటాడు, అంతే.

పొద్దున మాస్టారికి చెప్పిన అబద్ధం, మాట మార్చకుండా, ఇప్పుడు తనకి తనే చెప్పుకుంది.

"కారమూ తీపీ కలవవంటారు," అంది నోరు. నోరు దాని పని అది చేసుకుపోతోంది. "కలవనివి కలపడానికే కదా గరిటె ఉన్నది."

కోటు. ఆ కొక్కెం మీద కోటు లేదు, అందుకే వెళ్ళిపోయాడనుకుంది. కానీ పొద్దున ఆయన కోటు విప్పితే కదా కొక్కేనికి తగిలించేది. మెడదాకా గుండీలు పెట్టుకుని, దాంతోనే లోపలికి పాకాడు. తన కళ్ళముందే.

రేలిన్ నోరు కూడా ఆగిపోయింది.

"కానియ్యి," అంది హోల్మ్ మేడం.

గోడ మీద గడియారంలో ఇంకా పదకొండున్నర కూడా కాలేదు. పన్నెండుదాకా వ్యవధి ఉంది. ముగించి, చప్పట్లు కొట్టించుకుని, మెల్లగా నడిచి వెళ్ళి చూడొచ్చు. ఎవరికీ తెలియక్కర్లేదు. ఇప్పుడు పరిగెత్తి, ఆయన అక్కడ లేకపోతే? అందరి ముందూ ఒప్పుకున్నట్టే. మాస్టారు ఆ పూటే ఇంటికంటాడు. ఇంటికంటే కోళ్ళ దగ్గరికే. ఏమీ జరగనిదానికి.

"ఆ... గరిటె," అంది రేలిన్. "గరిటె ఏం చేస్తుందంటే..."

కిటికీలో ఒక ట్రాక్టరు కదిలింది. ముందు తొట్టె నిండా మొక్కజొన్న. రస్టీ టోపీ చెవులదాకా లాక్కుని, మంచు ముంచుకురాకముందే ఆవుల్ని మేపేసుకుందామని, ఆ ఏడాది మొత్తం మీద మొదటిసారి పన్నెండుకి ముందే మిల్లువైపు పోతున్నాడు.

రేలిన్ బల్ల వదిలేసి తలుపు దగ్గరికి నడిచింది. గడియ తీసింది.

"ఇప్పుడు బయటికెళ్తే సున్నా వేస్తాను, రేలిన్."

"వెయ్యండి మేడం."

"రొట్టె మాడిపోతున్నట్టుంది," అన్నాడు వెనక వరసలో ఎవడో. క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు వరండా చివరిదాకా రేలిన్ వెంట వచ్చింది.

బయట గాలి ఆమెని అడుగు ముందుకేస్తే అడుగున్నర వెనక్కి నెట్టింది. మంచు కళ్ళలో పడుతోంది. పార్కింగ్ స్థలం పొద్దున ఇంత వెడల్పు లేదు. ఎవరో ఈలోపు రెండువైపులా పట్టి లాగినట్టుంది. సగం దూరంలో ఉండగా మిల్లు సైరన్ మోగింది. మిషను తిరగబోతోంది, తప్పుకోండి అని చెప్పే సైరన్. పొద్దుట్నించీ ఊళ్ళో కుక్కలన్నీ దానికోసమే కాచుక్కూచున్నట్టు ఒక్కసారి ఊళపెట్టాయి. రేలిన్ అరిచింది. ఆమె అరుపు ఆమెకే వినపడలేదు.

లోపల రస్టీ పచ్చ బటన్ మీద బొటనవేలు పెట్టి నిలబడి ఉన్నాడు. మిక్సరు పక్క తలుపు మూసి గొళ్ళెం పెట్టేసి ఉంది. కొండీ ఖాళీ. కొండీ ఖాళీ అయితే మనిషి లేడు. అతను చెయ్యవలసినవన్నీ వరసగా చేశాడు. తలుపులోంచి ఒక కేకేశాడు, మూశాడు, స్విచ్ లేపాడు, సైరన్ మోగించాడు. ఒక్కటీ తప్పు లేదు.

సైరన్ ఆగింది. మోటారు మూలిగింది. రెక్క కదిలిన చప్పుడు రేలిన్ అరికాళ్ళలోంచి ఎక్కింది.

మిషను ఆపే ఎర్ర బటన్ మీద రెండు అరచేతులతోనూ గుద్దింది.

"ఏయ్! పిచ్చెక్కిందా పిల్లా?" రస్టీ ఆమె భుజం పట్టి లాగాడు. "మోటారు కాలిపోతే మీ నాన్న కొనిస్తాడా? అక్కడ ఎనభై ఆవులు నా కోసం—"

"మనిషున్నాడు."

"ఎవడున్నాడు? తాళమేదీ? కళ్ళు కనపట్టం లేదా, కొండీ చూడు!"

రేలిన్ ఎర్ర బటన్ మీంచి అరచేతులు తియ్యలేదు.

సైరన్ మోగాక మిక్సరు తిరక్కపోతే డిట్మర్ మాస్టారు సమాధిలోంచైనా లేచి వస్తాడని పేరు. బాయిలరు గదిలోంచి రావడం ఎంతసేపు. వచ్చి, రస్టీని చూడలేదు. రేలిన్‌ని చూశాడు.

"ఎన్ని తాళాలు వేశావు?"

"ఒకటి."

"ఎంతమందికి?"

రేలిన్ గొళ్ళెం పెట్టిన మిక్సరు తలుపు వంక చూసింది.

"ఇద్దరికి."

రస్టీ చెయ్యి ఆమె భుజం మీంచి జారిపోయింది. మాస్టారు తిట్టలేదు. నడిచివెళ్ళి మెయిన్ స్విచ్ కిందికి దించి, తన జేబులోంచి తాళం తీసి కొండీకి వేశాడు. రెండుసార్లు జారింది. మూడోసారికి పడింది. తర్వాత తలుపు గొళ్ళెం తీసి, లైటు వేసి పట్టుకున్నాడు.

వర్నన్ బార్టెక్ దూరపు చివర గోడకి అంటుకుని నిలబడి ఉన్నాడు. పావు చుట్టు తిరిగిన ఉక్కు రెక్క ఆయన కోటు అంచుని గోడకి నొక్కిపెట్టి, గుండెల ముందు ఆగి ఉంది. ఇంకో పావు చుట్టు తిరిగుంటే అక్కడ నిలబడ్డానికి చోటుండదు. చెవుల్లో పసుపుపచ్చ నురుగు బిరడాలు. తన గొంతు తనకి వినపడితే భయమేస్తుందని అవి పెట్టుకుని, ఎవరూ లేనిచోట ఉపన్యాసం సాధన చేస్తూ పొద్దెరక్క ఉండిపోయాడు. తలుపు మూసుకుని చీకటైనప్పుడు కుర్రాళ్ళు ఆటపట్టిస్తున్నారనుకున్నాడట; సైరన్ ఎక్కడో దూరాన మోగినట్టు అనిపించిందట. రెక్క కదిలాక ఏమీ అనుకోలేదట.

పెదాలు ఇంకా కదులుతున్నాయి. ఉపన్యాసమో ప్రార్థనో రేలిన్‌కి తెలియలేదు.

మాస్టారే లోపలికి పాకాడు. వర్నన్ చెవుల్లోంచి బిరడాలు తీసి, గుండీలు ఒక్కొక్కటే విప్పి, కోటులోంచి మనిషిని ఊడదీసి, చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చాడు. వర్నన్ నేల మీద కూలబడి రేలిన్ వంక చూశాడు.

"క్లాసు అయిపోయిందా?" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు.

మాస్టారు రేలిన్ ముందు చెయ్యి చాపాడు. ఆమె జేబులోంచి ఎర్ర తాళం తీసి, తాళంచెవితో సహా అందులో పెట్టింది. బిళ్ళ మీద ఫొటోలో తను నవ్వుతోంది.

"ఇంటికెళ్ళు."

"తప్పు నాది మాస్టారూ," వర్నన్ లేవబోయాడు. "తాళం మర్చిపోయింది నేను. దాన్నెందుకు పంపిస్తారు, నన్ను పంపించండి."

"ఇంకొంచెముంటే నువ్వు చచ్చేవాడివి," అన్నాడు మాస్టారు. "అంతకంటే నీకు నేనేం శిక్ష వెయ్యగలను?" రేలిన్ వైపు తిరగకుండానే ఇంకో మాట అన్నాడు. "బాత్రూంకి వెళ్ళాడన్నావు. నేను నమ్మి వెళ్ళిపోయా. అదీ నేను మోసుకోవాలి."

రేలిన్ బయటికి నడిచింది. వెనకాలే వర్నన్ కూడా వచ్చాడు, కోటు లేకుండా, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని. ట్రక్కులో కూర్చున్నారు. ఆయన ఇంజను వేశాడు గాని కదిలించలేదు. హీటరు వేడి గాలి ఊదుతున్నా ఇద్దరి పళ్ళూ కొట్టుకుంటూనే ఉన్నాయి. అద్దం మీద మంచు మందంగా పేరుకుంది.

"మీ అమ్మకి నేను చెప్తాలే," అన్నాడు.

"నువ్వా? చెప్పడమా?" అంది రేలిన్.

ఆయన నవ్వబోయాడు. సగంలో సైరన్ మళ్ళీ మోగింది. ఇరుక్కున్న కోటు లాగి బయట పడేసి ఉంటారు; ఆవులు ఎవరి కోసమూ ఆగవు కదా. ఆయన స్టీరింగు పట్టుకుని మిల్లువైపు తిరిగాడు. సైరన్ ఆగింది. మోటారు మూలిగింది. ఈసారి ఎవరూ ఆపలేదు. మిక్సరు తిరిగింది. ఉక్కు మీద మొక్కజొన్న రాలే చప్పుడు ట్రక్కు అద్దాలదాకా వచ్చింది.

"లోపల ఎవరూ లేరుగా?" అన్నాడు వర్నన్.

"లేరు బాబాయ్. మాస్టారు అక్కడే ఉన్నాడుగా."

"కుర్రాళ్ళు నలుగురు ఉండాలి. క్లాసు వదిలే వేళైంది, పనిముట్లు తీసుకోడానికి మిల్లుకే వస్తారు." ఆయన ఆమె వంక చూడలేదు. ఎదురుగా తెల్లగా మూసుకుపోయిన అద్దం వంక చూస్తున్నాడు. "లెక్కపెట్టావా?"

మిక్సరు తిరుగుతూనే ఉంది. రేలిన్ ట్రక్కు తలుపు తెరుచుకుని దిగి, ఇంక తనకి అడుగుపెట్టే హక్కు లేని మిల్లువైపు మంచులో నడిచి, కిటికీ అద్దానికి మొహం ఆనించి, ఒక్కొక్క తలే లెక్కపెట్టడం మొదలెట్టింది.